కిమ్ గారి పేరు మీద

యోసు వంతెన కనబడగానే మా మేనత్త కారు అద్దం పూర్తిగా దించేసి, "అదిగో, ఉప్పు వాసన. ఇక నన్నెవరూ ఆపకండి" అంది. వెనక సీట్లో ఆమెకీ నాన్నకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. గాలికి ఆమె జుట్టు నా మొహమంతా కొడుతోంది. ముందు సీట్లో మా అక్క హేరిన్. కారు నడుపుతున్నది కిమ్ ఇన్‌గ్యు, అక్కని చేసుకోబోయేవాడు. చేసుకోబోయేవాడని అప్పటికి అనవచ్చో లేదో నాకు తెలియదు. అది ఆ మధ్యాహ్నం తేలాలి.

మా ఊరు సాంచోంగ్ కొండల్లో ఉంటుంది. పెర్సిమన్ పళ్ళు వలిచి, దారాలకు వేలాడదీసి ఎండబెట్టడం మా పని. ఇన్‌గ్యు వాళ్ళది గోహుంగ్ అవతల ఒక దీవి. వాళ్ళ నాన్న సముద్రంలో తాళ్ళు కట్టి తినే నాచు పెంచుతాడు. రెండిళ్ళకీ మధ్యలో పడుతుందని యోసులో భోజనం పెట్టుకున్నారు. ఇరువైపుల పెద్దలు మొదటిసారి ఎదురెదురుగా కూర్చుని తినే భోజనం అది. అక్కడ పెళ్ళి మాట ఎవరూ గట్టిగా ఎత్తరు. చేప బాగుందంటారు, ఈ ఏడు చలి తొందరగా పోయిందంటారు. చివర్లో ఎవరో ఒకరు తేదీ సంగతి అడుగుతారు. అడిగారంటే కుదిరినట్టే.

అక్కకి ఇది రెండోసారి. రెండేళ్ళ కిందట జింజులో ఇలాగే కూర్చున్నప్పుడు, ఆ అబ్బాయి తల్లి మా అత్తను ఎగాదిగా చూసి, "ఓహో, తల్లి లేకుండా పెరిగిన పిల్లన్నమాట" అంది. ఆవిడ ఏ ఉద్దేశంతో అందో ఇప్పటికీ తెలియదు. నాన్న చెంచా కింద పెట్టి లేచాడు. బూట్లు తొడుక్కుని బస్టాండుకి నడిచి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది. అక్క కూడా నాన్నను ఏమీ అనలేదు. ఆ ఏడాది కోతల పండగకు ఇంటికి రాలేదు, అంతే.

భోజనానికి ఇంకా వేళ ఉందని ముందు ఓడోంగ్దో అనే చిన్న దీవికి వెళ్ళాం. కమేలియా పూలు రాలే రోజులవి. రేకులు విడివడకుండా పువ్వు పువ్వంతా తొడిమ దగ్గర తెగి పడుతుంది. దారి ఎర్రగా ఉంది. అత్త వాటి మధ్య నిలబడి ఇన్‌గ్యు చేత ఫోటోలు తీయించుకుంటోంది.

"గడ్డం కింద ముడత రాకుండా తియ్యి నాయనా. నువ్వు అల్లుడివవుతావో లేదో కానీ ఫోటో మాత్రం మిగులుతుంది."

నాన్న ఒక పువ్వు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇవి ఎండబెడితే ఏమన్నా పనికొస్తాయా?" అని నన్నడిగాడు. నాకు తెలియదన్నాను. జాగ్రత్తగా దాన్ని ఉన్నచోటే పెట్టేశాడు.

అప్పుడే అక్క నన్ను చెట్ల వెనక్కి లాగింది.

"బోరం, విను. ఇవాళ కూడా నాన్న లేచి వెళ్ళిపోతే నేనింక ఎవర్నీ తీసుకురాను. ఇన్‌గ్యు వాళ్ళమ్మ అసలే పట్టింపు మనిషి. ఇంకో రోజు చూద్దాంలే అనే రకం కాదు. నువ్వు నాన్న పక్కనే కూర్చో. గ్లాసు ఖాళీ కానివ్వకు. లేచేలా కనిపిస్తే చొక్కా పట్టుకో."

"చొక్కా పట్టుకుంటే ఆగుతాడా?"

"ఆగడు. అయినా పట్టుకో. ఇంకోటి, సోయా సాస్‌లో ఊరబెట్టిన పీతలు పెడతారు. నాన్నని వాటి జోలికి పోనివ్వకు. చేత్తో పట్టుకుని జుర్రుతాడు."

తాడు మీద సముద్రం దాటించే కేబుల్ కారు కూడా ఎక్కాం. అత్త దారంతా కళ్ళు మూసుకుని ఇన్‌గ్యు చెయ్యి వదల్లేదు. దిగగానే, "ఎంత బాగుందో సముద్రం" అంది. అక్కడి కొట్లో ఎండుచేప కాల్చి ఇస్తుంటే ఇన్‌గ్యు పొట్లం కొని, కారు ఎక్కేలోపే సగం తినేశాడు. మాకు పెట్టలేదని గుర్తొచ్చి అతని చెవులు ఎర్రబడ్డాయి. మంచివాడే అనిపించింది.

రేవు దగ్గరి హోటలు ముందు కారు ఆపడానికి చోటే లేదు. మంచి రోజు, పైగా ఆదివారం. ఇన్‌గ్యు వాళ్ళమ్మ అప్పటికే ఫోన్ చేసింది, వచ్చి కూర్చున్నామని.

"మీరు దిగి లోపలికి వెళ్ళండి అత్తా" అన్నాడు ఇన్‌గ్యు. "కిమ్ పేరు మీద గది ఉంది. మేము కారు ఎక్కడన్నా పెట్టి వచ్చేస్తాం."

మెట్ల మీద అత్త చేతిసంచి నోరు తెరిచి పట్టుకుంది. "ఫోన్లు ఇందులో పడెయ్యండి. ఆపేసి పడెయ్యండి. జింజులో నా ఫోనే మోగింది, గుర్తుందా? సరిగ్గా వాళ్ళాయన వంగి నమస్కారం పెడుతుంటే డిస్కో పాట."

మూడు ఫోన్లూ సంచిలో పడ్డాయి. లోపల జనం, ఆవిరి, పళ్ళేల చప్పుడు. వడ్డించే పిల్ల పరుగెత్తుతూనే మమ్మల్ని చూసింది.

"కిమ్ గారి పేరు మీద" అంది అత్త. "పెళ్ళి మాటలకి."

"అమ్మాయి తరఫా? అబ్బాయి వాళ్ళు ఇందాకే వచ్చేశారు, రండి రండి" అంటూ ఆ పిల్ల నడవలో నడిచి ఒక తలుపు పక్కకి జరిపింది.

లోపల ఇద్దరు లేచి నిలబడ్డారు. సన్నగా పొడుగ్గా, టై బిగించుకున్న ఒక పెద్దాయన. గుండ్రటి మొహం ఆవిడ. అందరం వంగి నమస్కరించుకున్నాం. తల ముందు ఎవరెత్తాలో తెలియక కాసేపు అందరం నేలనే చూశాం.

"దూరం నుంచి వచ్చారు, అలిసిపోయుంటారు" అంది ఆవిడ. "పిల్లలు కూడా రాకుండా మీరే వెతుక్కుని రావాల్సొచ్చింది."

"అలుపేముందండీ, కారులోనే కదా. వాళ్ళు కారు పెట్టి వస్తారు" అంది అత్త.

ఆవిడ, "కారులోనా?" అని భర్త వైపు చూసింది. ఆయన నాకేం తెలుసన్నట్టు చూశాడు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. పొట్టి బల్ల చుట్టూ నేల మీద కూర్చున్నాం. నేను నాన్న పక్కన, చొక్కా అంచు అందేంత దగ్గరగా.

"ఏ ఊరి కిమ్‌లు మీరు?" నాన్న అడిగాడు. అక్క చెప్పిపెట్టిన ప్రశ్న అది.

"గిమ్హే కిమ్‌లమండి."

"అవును, అబ్బాయి చెప్పాడు."

గిమ్హే కిమ్‌లు లేని వీధి ఎక్కడుంటుంది? కానీ ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. పెద్దవాళ్ళని పేరు అడగం కదా. వియ్యంకుడుగారూ, వియ్యపురాలుగారూ అనే పిలుపులు ఉండనే ఉన్నాయి. వాటితో ఎంతసేపైనా గడిచిపోతుంది.

నాన్న రెండో ప్రశ్న కూడా తీశాడు. "సముద్రం పని ఎలా ఉందండీ ఈ ఏడు?"

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "సముద్రమా? చూడ్డానికి బాగానే ఉందండి."

నాన్న తల ఊపాడు. అణకువ గల మనిషి అనుకున్నట్టున్నాడు. నేను మాత్రం ఆయన చేతులు చూస్తున్నాను. తాళ్ళు లాగే చేతుల్లా లేవు. తెల్లగా, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మాటల మధ్యలో ఆయన, తపాలా ఆఫీసులో చేసి మొన్నే దిగిపోయానన్నాడు. నేను అత్త వైపు చూశాను. అత్త బల్ల కింద నా తొడ గిల్లింది.

ఆవాకు కిమ్చి పచ్చడి వచ్చింది, కాల్చిన చేప వచ్చింది, పళ్ళెం నిండా పీతలు వచ్చాయి. ఆవిడ చేప ముల్లు తీసి అత్త అన్నం మీద పెట్టింది.

"మీరు తినండి వియ్యపురాలుగారూ. మా ఇంట్లో చేప వండి ఎన్నాళ్ళయిందో. మావాడికి చిన్నప్పట్నుంచీ ఆ వాసనే పడదు."

పొద్దున్న ఎండుచేప పొట్లం సగం ఖాళీ చేసిన మనిషి నా కళ్ళ ముందు మెదిలాడు. పడని మనిషి అంతలా ఎందుకు తిన్నాడు? అక్కని సంతోషపెట్టడానికా? అక్క చేప తినమని అతన్ని బలవంతం చేస్తోందా? నాకేమీ అర్థం కాలేదు.

"అమ్మాయి పియానో నేర్పుతుందటగా. మా ఇంట్లో ఒక్కళ్ళకీ పాట రాదు. ఆ పిల్ల వస్తే ఇంటికి వెలుగొస్తుంది."

అత్త నమలడం ఆపింది. మా అక్క జింజులో ఒక హాస్పిటల్లో పట్టేసిన నడుములూ వాపెక్కిన మోకాళ్ళూ సరిచేస్తుంది. పియానో మా ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు.

"పియానోనా..." అంది అత్త. "ఆ, మా పిల్లకి వేళ్ళల్లో బలం ఎక్కువేలెండి."

నాన్న చెవి ఎర్రబడటం చూశాను. అక్క వీళ్ళతో అబద్ధం చెప్పిందా? మా ఇల్లు, మా పని, తన ఉద్యోగం, ఏదీ చెప్పుకోదగ్గదిగా కనబడలేదా? ఆ ప్రశ్న నాలోనే ఇంతగా తిరుగుతుంటే నాన్నలో ఎంత తిరుగుతోందో. గ్లాసులో సోజు మద్యం పోశాను, మర్యాదగా రెండు చేతులతో. నాన్న చూడలేదు.

అప్పుడు ఆవిడ అత్త మొహంలోకి పరీక్షగా చూస్తూ, "కళ్ళు మీవే వచ్చుంటాయి అమ్మాయికి. ఫోటోలో చూశాను" అంది.

"నేను అమ్మని కాదండీ, మేనత్తని."

"అయ్యో, అలాగా. మరి అమ్మగారు వెనకాల వస్తున్నారా?"

జింజు గది మొత్తం నాకు మళ్ళీ కనబడింది. నాన్న అరచెయ్యి నేలకి ఆనించాడు. లేవబోయేముందు ఆయన అలాగే చేస్తాడు. నేను చొక్కా అంచు పట్టుకున్నాను.

"లేదండీ. పోయింది" అంది అత్త. "ఇదిగో, ఇది ఇంకా బడిలో కూడా చేరలేదప్పుడు."

ఆవిడ చేతిలోని చాప్‌స్టిక్‌లు పళ్ళెంలో పడ్డాయి. "పోయారా? మావాడు ఒక్క ముక్క చెప్పలేదే! ఒక్క ముక్క!" బల్ల చుట్టూ మోకాళ్ళ మీద జరిగి వచ్చి అత్త రెండు చేతులూ పట్టుకుంది. "అంటే పిల్లలిద్దర్నీ మీ చేతుల మీద పెంచారా? నేను ఇంతసేపూ చేప గురించి వాగుతున్నాను చూడండి." ఆవిడ కళ్ళు నిజంగా నిండాయి. అత్త ఎప్పుడూ ఏడవదు. ఆ రోజు ముక్కు తుడుచుకుంది.

నాన్న అరచెయ్యి నేల మీదనుంచి మెల్లగా లేచి గ్లాసు అందుకుంది. చొక్కా వదిలేశాను. కానీ అక్క చెప్పింది వేరు. అమ్మ సంగతి ఇన్‌గ్యు వాళ్ళింట్లో అందరికీ తెలుసనీ, ఈ ఏటి తద్దినానికి వాళ్ళమ్మ నాచు కట్టలు కూడా పంపిందనీ చెప్పింది. ఆ నాచు మేమందరం తిన్నాం. అది ఎవరు పంపినట్టు మరి?

పెద్దాయన నాన్న గ్లాసు నింపి, గొంతు తగ్గించి అన్నాడు: "వియ్యంకుడుగారూ, నేను ఎక్కువ మాట్లాడటం లేదని ఏమీ అనుకోకండి. నన్ను మాట్లాడొద్దన్నారు."

"ఎవరు?"

"మావాడూ, వాళ్ళమ్మా. మా పెద్దవాడి పెళ్ళి మాటలప్పుడు అమ్మాయి తండ్రితో చదువు గురించి ఏదో అన్నాను. మంచికే అన్నాననుకున్నాను. ఆ సంబంధం పోయింది. వాడు ఇప్పటికీ ఒంటరిగానే ఉన్నాడు."

నాన్న ఆయన్ని చాలాసేపు చూశాడు. "నన్నూ మాట్లాడొద్దన్నారు" అన్నాడు.

"పీత కూడా ముట్టుకోవద్దన్నారు."

"నన్నూ."

ఇద్దరూ పీతల పళ్ళెం వైపు చూశారు. గుడ్లు నిండిన ఆడపీతలు, సోయాలో నల్లగా మెరుస్తున్నాయి. "మీరు ఏ సంవత్సరం పుట్టుక?" అన్నాడు పెద్దాయన. పన్నెండేళ్ళ చక్రంలో పులి సంవత్సరమన్నాడు నాన్న. "నేనూ పులే!" అంటూ ఆయన టై వదులు చేసి, ఒక పీత కాలు విరిచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ శబ్దం గదంతా వినబడింది. నాన్న నా వైపు చూశాడు. నేను వేరే వైపు చూశాను. తర్వాత ఇద్దరూ డిప్పల్లో అన్నం కలుపుకుని, మణికట్టు దాకా పులుసు కారుతుంటే తిన్నారు. నాన్న నవ్వు ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. పళ్ళు కనబడకుండా, భుజాలతో నవ్వుతాడు.

"మావాడు దీపం లేకుండా పడుకోడు" అన్నాడు పెద్దాయన. "ఈ వయసులో. మీ అమ్మాయికి ముందే చెప్పండి."

నాన్న చేతులు తుడుచుకున్నాడు. "మా పిల్ల గురించి నేనూ చెప్పాలి. ఇలాంటివి తల్లి చెబుతుంది. తల్లి లేదు కాబట్టి నేను చెబుతున్నాను."

అత్త తల ఎత్తింది. మా ఇంట్లో నాన్న ఇన్ని మాటలు వరసగా అనడం ఎప్పుడూ వినలేదు.

"పండు తొక్క మందంగా తీస్తుంది. సగం పండు తొక్కలోనే పోతుంది. తిట్టకండి. నేను ఒకసారి తిట్టాను, వాళ్ళమ్మ పోయిన ఏడు. ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ కత్తి పట్టలేదు. మిగతా పనుల్లో చురుకే. కోపమొస్తే అన్నం మానేస్తుంది. బతిమాలకండి, బతిమాలితే అస్సలు తినదు. గిన్నె అక్కడ పెట్టి మీరు బయటికి వెళ్ళిపోండి. తిరిగొచ్చేసరికి తినేసి కడిగి పెట్టి ఉంటుంది. అంతే. ఇంక చెడ్డ గుణం లేదు. పెళ్ళి ఎండలు ముదరకముందే కానివ్వండి. నాకేం అభ్యంతరం లేదు."

ఆవిడ అత్త చేతులు వదలకుండానే, "కత్తి నేను పట్టుకుంటానులెండి, ఆ పిల్ల చేత పట్టనివ్వను" అంది.

నేను తలుపు వైపు చూశాను. అక్క ఎక్కడుంది? ఈ మాట వినాల్సిన మనిషి కారు పెట్టడానికి వెళ్ళి ఇంతసేపు ఏం చేస్తోంది?

తలుపు జరిగింది. కళ్ళద్దాల కుర్రాడొకడు, సన్నటి వేళ్ళున్న అమ్మాయి, వాళ్ళ వెనక పట్టు మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన, ఆయన భార్య. "నాన్నా, క్షమించు, రైలు దారిలో ఆగిపోయింది..." అంటున్న కుర్రాడు మమ్మల్ని చూసి ఆగాడు. "వీళ్ళెవరు?"

"ఎవరేమిట్రా, మీ మామగారు" అన్నాడు పెద్దాయన, పీత కాలు చూపిస్తూ.

మఫ్లర్ ఆయన మర్యాదగా దగ్గాడు. "అది నేననుకుంటానండీ."

ఎవరూ కదల్లేదు. నాన్న గడ్డం మీద సోయా చుక్క ఒకటి మెల్లగా జారుతోంది. అత్త చేతులు ఇంకా ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి. వడ్డించే పిల్ల వెనకనుంచి తొంగిచూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇవాళ పెళ్ళి మాటలకి ఇద్దరు కిమ్‌లు ఉన్నారండీ... మీది చివరి గది అయుంటుంది."

ఆ తర్వాత అందరం ఎన్నిసార్లు వంగి క్షమించమని అడిగామో లెక్క లేదు. ఒకరు తల ఎత్తితే ఇంకొకరు వంగేవారు. గుండ్రటి మొహం ఆవిడ అత్తకి తన చేతిగుడ్డ ఇచ్చింది. పెద్దాయన నాన్నతో ఏదో అనబోయి, కొడుకుని చూసి నోరు మూసుకున్నాడు.

నడవలో అత్త సంచి తెరిచి ఫోన్లు ఆన్ చెయ్యగానే మూడూ ఒకేసారి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అన్నీ అక్క పిలుపులే. "అయిపోయింది" అంది అత్త గోడకి ఆనుకుని. "మనం పారిపోయామనుకుని ఉంటుంది."

నాన్న చివరి గది వైపు వెళ్ళలేదు. గుమ్మం దగ్గరి అరల్లో తన బూట్లు వెతుకుతున్నాడు. నేను పరుగెత్తి చొక్కా పట్టుకున్నాను.

"వదులమ్మాయ్. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వాళ్ళని ఇంతసేపు కూర్చోబెట్టి వేరేవాళ్ళతో తిని తాగాను." బూటు దొరికింది, కానీ తొడుక్కోలేదు. చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "ఉన్న మాటలన్నీ అక్కడ చెప్పేశాను. మళ్ళీ మొదటినుంచి ఏం చెప్పను?"

అప్పుడే బయటినుంచి అక్క వచ్చింది. రేవంతా వెతికినట్టుంది, జుట్టు చెదిరి, కళ్ళు వాచి. నాన్న చేతిలో బూటు చూసింది. అదే చూసింది, ఇంకేమీ చూడలేదు.

"వెళ్ళిపోతున్నావా నాన్నా?"

అక్క దగ్గరికొచ్చింది. గడ్డం మీద మరక కనబడినట్టుంది. "తిన్నావా?"

"తిన్నాను."

"ఎక్కడ?"

నాన్న బూటుతో ఆ తలుపు చూపించాడు. అక్కకి ఏమీ అర్థం కాలేదు. ఆ తలుపు వైపు, అత్త వైపు, నా వైపు చూస్తోంది. ఆమె ఏడవబోతోందో నవ్వబోతోందో నాకూ తెలియలేదు.

నడవ చివరినుంచి ఒక పొట్టి ఆవిడ కుంటుకుంటూ వచ్చింది. వెనకాల ఇన్‌గ్యు. "వచ్చారా? వస్తే లోపలికి రండి, నడవలో నిలబడితే అతిథులనుకోవాలా, దారి తప్పినవాళ్ళనుకోవాలా? పులుసు ఎన్నిసార్లని వేడి చేయించేది?" వాళ్ళమ్మే. ఆ గొంతు విన్నాక నాన్న బూటు అరలో పెట్టేశాడు.

చివరి గదిలో ఇన్‌గ్యు వాళ్ళ నాన్న గోడలా కూర్చుని ఉన్నాడు. ఎండకి నల్లబడ్డ మెడ, పగుళ్ళు వారిన పెద్ద చేతులు. చూడగానే ఇవే ఆ చేతులు అనిపించింది. మళ్ళీ వంగి నమస్కారాలు. జరిగింది అత్త చెప్పుకొచ్చింది. ఇన్‌గ్యు నవ్వబోయి తల్లిని చూసి మానేశాడు.

"మంచిదే" అంది ఆవిడ. "వియ్యపు భోజనం ముందే ఎవరో వేరేవాళ్ళతో అయిందన్నమాట. వాళ్ళు నచ్చారా?"

అక్క తల వంచుకుంది. నాన్న అరచెయ్యి చాప మీద ఆనడం చూశాను. ఇక్కడ చొక్కా పట్టుకుని లాభం లేదనిపించింది.

"నాన్న అక్క గురించి చెప్పాడండీ వాళ్ళతో" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. పెద్దల మధ్య నేను నోరు విప్పడం అత్తకే వింత. నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపలేదు. తొక్క మందంగా తీస్తుందన్నాడనీ, సగం పండు పోతుందన్నాడనీ, అయినా తిట్టవద్దన్నాడనీ చెప్పాను. అలిగితే బతిమాలవద్దని, గిన్నె పెట్టి బయటికి వెళ్ళిపొమ్మని చెప్పాడన్నాను. "తల్లి లేదు కాబట్టి నేను చెబుతున్నానన్నాడు. అది మీతో చెప్పాల్సింది. గది తప్పింది, అంతే."

అక్క తల ఎత్తలేదు. ఆమె మోకాలి మీద చేతివేళ్ళు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. నాన్న నా వైపు చూడకుండా గోడ మీది పడవ బొమ్మ చూస్తున్నాడు.

ఇన్‌గ్యు వాళ్ళమ్మ నాన్న వైపు తిరిగి, "ఎంత మందంగా తీస్తుంది?" అని అడిగింది.

నాన్న బొటనవేలు, చూపుడువేలు ఎడం చేసి చూపించాడు.

"అంతా?" ఆవిడ నిజంగానే కంగారుపడింది. "అంత తీస్తే గింజ తప్ప ఏం మిగుల్తుంది?"

"ఏం కాదులే" అన్నాడు ఇన్‌గ్యు వాళ్ళ నాన్న. ఆ గదిలో ఆయన అన్న మొదటి మాట అదే. "మన ఇంట్లో నాచు తప్ప ఏముంది? నాచుకి తొక్క ఉండదు కదా."

అత్త పకపకా నవ్వింది. ఇన్‌గ్యు వాళ్ళమ్మ నవ్వలేదు కానీ, పీతల పళ్ళెం లాక్కుని, అన్నిట్లోకి పెద్దది ఏరి నాన్న అన్నం మీద పెట్టింది. అన్నం గిన్నె నిండుగా ఉంది. నాన్న కడుపులో ఇంకా చోటుందో లేదో నాకు బాగా తెలుసు. ఆయన చెంచా తీసుకున్నాడు. ఒక్కో ముద్దా ఆగి ఆగి మింగుతూ, నుదుటి మీద చెమట పడుతున్నా ఆగకుండా తిన్నాడు. పులుసు తిన్నాడు, చేప తిన్నాడు. ఆవిడ మళ్ళీ వడ్డించింది. అదీ తిన్నాడు. అక్క మెల్లగా తన గ్లాసులోని నీళ్ళు ఆయన వైపు జరిపింది. ఆయన తాగాడు.

"మరి తేదీ సంగతి?" అంది ఇన్‌గ్యు వాళ్ళమ్మ, ఆవాకు కిమ్చి తుంచుతూ, ఎవరి వైపూ చూడకుండా.

అక్క ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. నాన్న చెంచా కింద పెట్టాడు.

"ఆ గదివాళ్ళు ఏ రోజు అనుకుంటున్నారో ముందు కనుక్కోండి" అన్నాడు. "ఆ రోజు తప్ప ఏదైనా సరే. మళ్ళీ గది తప్పకూడదు."

ఇన్‌గ్యు లేచి నిలబడ్డాడు. నిజంగా వెళ్ళి అడగాలో, అది పరిహాసమో అతనికి తెలియలేదు. అక్కని చూశాడు, అక్క నన్ను చూసింది. నేను నాన్నని చూశాను. ఆయన మొహంలో నవ్వు లేదు. పీత కాలు విరిచి, రెండు చేతులతో పట్టుకుని, చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.